‘ఎక్సూసియాజో’: భార్యాభర్తల మధ్య అధికారము – 1 కొరింథీయులకు 7:4 పై ఒక పరిశీలన

వివాహ జీవితమును గూర్చి బోధించవలసి వచ్చినప్పుడు మన సంఘ కాపరులు ఎక్కువగా ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయమునే తెరుస్తారు. “శిరస్సు” అనే మాట మీద, “లోబడుట” అనే మాట మీద పెండ్లి ప్రసంగములు విరివిగా జరుగుతాయి. వాటి ఆధారముతో “క్రైస్తవ వివాహములో అధికారము భర్తది” అని ముగించడము మనకు అలవాటు. అయితే ఒక సంగతి గమనించాలి. ఎఫెసీ 5లో గాని, కొలస్సీ 3లో గాని, 1 పేతురు 3లో గాని భార్యాభర్తలను గూర్చి చెప్పినప్పుడు “అధికారము” అని అర్థమిచ్చే గ్రీకు పదము ఒక్కసారి కూడా వాడబడలేదు. 1 తిమోతి 2:12లో మన తెలుగు బైబిలు అధికారమని చెప్పినది వేరొక పదము (అవుతెంతెయిన్). నూతన నిబంధన అంతటిలో ఆ పదము అక్కడ మాత్రమే ఉన్నది. అక్కడి సందర్భము కూడా సంఘములోని ఉపదేశము.

అయితే భర్తకు భార్య విషయములో, భార్యకు భర్త విషయములో అధికారము ఉన్నదని గ్రీకులో సూటిగా ఎక్కడ చెప్పబడినది? ఒకే ఒక్క వచనములో, 1 కొరింథీ 7:4లో. అక్కడి క్రియాపదము “ఎక్సూసియాజో”. ఈ వ్యాసములో ఆ పదమునకు గల అర్థమును, పౌలు దానిని వాడిన తీరును, దానివలన కాపరులమైన మనకు కలిగే బాధ్యతను పరిశీలించుదము.

ఇది పండితులకు మాత్రమే సంబంధించిన చర్చ కాదు. కుటుంబ సమస్యలతో కాపరి యొద్దకు వచ్చే భర్తలలో ఈ వచనమును కంఠతా చెప్పేవారు ఉన్నారు. భార్య దేహము మీద ఆమెకు అధికారము లేదనే మొదటి సగము వారికి బాగా తెలుసు. రెండవ సగము వారి నోట రాదు. ఆ మొదటి సగము విని, ఇక చెప్పుకొనుటకు చోటు లేక మౌనముగా ఉండిపోయే భార్యలు మన బల్లలలోనే కూర్చుంటున్నారు. కాబట్టి ఈ మాటను సగము చదువుట ఒక ఇంటిలో ఒకరిని గాయపరచే పని అవుతుంది.

1. పదము – దాని కుటుంబము

గ్రీకులో “ఎక్సెస్తిన్” అనే క్రియకు “చెల్లును, అనుమతి ఉన్నది” అని అర్థము. దాని నుండి “ఎక్సూసియా” అనే నామవాచకము, ఆ నామవాచకము నుండి “ఎక్సూసియాజో” అనే క్రియ పుట్టినవి. “ఎక్సూసియా” నూతన నిబంధనలో 102 సార్లు కనిపిస్తుంది. దాని అర్థ విస్తృతి పెద్దది. మత్తయి 28:18లో పునరుత్థానుడైన ప్రభువు పొందిన సర్వాధికారము ఇదే పదము. యోహాను 1:12లో విశ్వాసులకు దేవుని పిల్లలగుటకు ఇవ్వబడినది కూడా ఇదే. మొదటి దానిలో ఏలుబడి ఉన్నది. రెండవ దానిలో ఎవరి మీదనూ ఏలుబడి లేదు, ఒక హక్కు, ఒక యోగ్యత ఉన్నది.

తెలుగు చెవికి “అధికారము” అనగానే అధికారి, కార్యాలయము, ఉత్తర్వు గుర్తుకు వస్తాయి. “అధికారము చెలాయించుట” అనేది మనకు వాడుక మాట. “హక్కు” అనే భావము ఆ తరువాత గాని తట్టదు. గ్రీకు పదములో ఈ రెండు భావములూ ఉన్నవి. ఏ చోట ఏది అనేది సందర్భమే నిర్ణయించాలి.

“ఎక్సూసియాజో” అనే క్రియ మాత్రము నూతన నిబంధనలో నాలుగు సార్లే కనిపిస్తుంది: లూకా 22:25లో ఒకసారి, 1 కొరింథీ 6:12లో ఒకసారి, 7:4లో రెండుసార్లు. గ్రీకు పాత నిబంధనయైన సెప్టువజింతులో ఇది ప్రసంగి గ్రంథములో పలుమార్లు వస్తుంది. అక్కడ కూడా రెండు రకాల వాడుక ఉన్నది. దేవుడిచ్చిన ఫలమును అనుభవించుటకు మనుష్యునికి కలిగే శక్తిని ఇదే పదము తెలుపుతుంది (ప్రసంగి 6:2). ఒక మనుష్యుడు మరొకని మీద కీడు కలుగునట్లు పెత్తనము చేయుటను కూడా ఇదే పదము తెలుపుతుంది (8:9).

లూకా 22:25లో ప్రభువు మాట్లాడినది ఈ రెండవ రకపు అధికారమును గూర్చియే. అన్యజనుల రాజులు ప్రజలపై ప్రభుత్వము చేస్తారు, వారిపై అధికారము నడిపేవారు ఉపకారులని పిలిపించుకుంటారు. శిష్యుల మధ్య ఆ పద్ధతి ఉండకూడదని ఆయన సెలవిచ్చాడు. ఏ అధికారమును గూర్చి మాట్లాడినా క్రైస్తవుడు ఈ హద్దు లోపలనే మాట్లాడాలి.

2. ఆరవ అధ్యాయము నుండి ఏడవ అధ్యాయములోనికి

మన తెలుగు అనువాదము చదివేవారికి ఒక సంబంధము కనబడదు. 6:12లో ఒక చోట “స్వాతంత్ర్యము” అనీ, మరొక చోట “లోపరచుకొనబడుట” అనీ, 7:4లో “అధికారము” అనీ మూడు వేర్వేరు మాటలు ఉన్నవి. గ్రీకులో ఈ మూడూ ఒకే కుటుంబమునకు చెందిన పదములు. 6:12లో “అన్నీ నాకు చెల్లును” అని కొరింథీయులు చెప్పుకొనే నినాదమును పౌలు ఎత్తుకొని, అదే ధాతువుతో వారికి జవాబు చెబుతున్నాడు: చెల్లుబాటు పేరుతో నేను దేనికీ చెర కాను అన్నట్టుగా. ఆ మాట చెప్పిన పది వచనముల లోపలనే ఆ అధ్యాయము ముగుస్తుంది. ఆ ముగింపులో దేహము ప్రభువుది, అది పరిశుద్ధాత్మకు ఆలయము, విశ్వాసి తన సొత్తు కాడు, వెలపెట్టి కొనబడినవాడు అనే సత్యములు ఉన్నవి.

ఈ పునాది మీదనే 7:4 నిలిచి ఉన్నది. భార్య దేహమైనా భర్త దేహమైనా మొదట ప్రభువుది. కాబట్టి 7:4లో దంపతులకు ఇవ్వబడిన అధికారము యజమానుని సొంత అధికారము కాదు. మరొకరి సొత్తును నమ్మకముగా చూచుకొనే గృహనిర్వాహకుని అధికారము. ఈ పునాదిని విడిచి 7:4ను ఒంటరిగా చదివినవారు త్రోవ తప్పుతారు.

3. కొరింథులో ఈ మాట ఎలా వినబడినది

కొరింథు పట్టణమును రోమీయులు క్రీ.పూ. 146లో నాశనము చేయగా, క్రీ.పూ. 44లో యూలియస్ కైసరు దానిని రోమా వలస పట్టణముగా తిరిగి నెలకొల్పాడు. కాబట్టి పౌలు నాటికి అక్కడ రోమా చట్టము, రోమా అలవాట్లు బలముగా ఉన్నవి. క్రీ.పూ. 18 ప్రాంతములో ఔగుస్తు కైసరు చేసిన వ్యభిచార చట్టము ప్రకారము వ్యభిచారము అనేది వివాహితురాలి స్థితిని బట్టి లెక్కించబడేది. వివాహితుడు తన దాసి యొద్దకు గాని, వేశ్య యొద్దకు గాని వెళ్లితే చట్టము దృష్టిలో అది వ్యభిచారము కాదు.

పౌలు తరువాతి తరమువాడైన ప్లూతార్కు కొరింథుకు ఎంతో దూరము కాని ఖైరోనేయవాడు. నూతన దంపతులకు అతడు వ్రాసిన హితవులలో, భర్త దాసితోనో వేరొక స్త్రీతోనో తప్పు చేస్తే భార్య కోపగించుకొనకూడదని, తనపై గౌరవము చేతనే అతడు ఆ విచ్చలవిడితనమును వేరొక చోటికి తీసికొని పోయాడని అనుకోవాలని సలహా ఇచ్చాడు. ఆ కాలపు అన్యులందరూ ఇలాగే బోధించారని అనలేము. పౌలు సమకాలికుడైన స్తోయికు తత్వవేత్త ముసోనియు రూఫు భర్త తన దాసి యొద్దకు వెళ్లుట కూడా తప్పేనని బోధించాడు. అయినను అతడు లోకపు వాడుకకు ఎదురు నిలిచి మాట్లాడినవాడే.

ఇట్టి పట్టణములో 7:4ను సంఘములో బిగ్గరగా చదివినప్పుడు మొదటి సగము విని ఎవరూ ఆశ్చర్యపడి ఉండరు. భార్య దేహము మీద భర్తకు అధికారమున్నదని వారికి ముందే తెలుసు. ఆశ్చర్యము రెండవ సగముతో వచ్చి ఉండాలి. భర్తకు తన దేహము మీద అధికారము లేదు, అది అతని భార్యకు ఉన్నది! 6వ అధ్యాయములో వేశ్య యొద్దకు పోవుటను ఖండించిన అపొస్తలుడు ఇక్కడ ఆ ద్వారమును మరొక వైపు నుండి కూడా మూసివేశాడు. నేడు మనము వినిపించకుండా దాటవేసేది సరిగ్గా ఆ రెండవ సగమునే.

4. వచనము యొక్క నిర్మాణము

గ్రీకు వాక్యమును జాగ్రత్తగా చూస్తే నాలుగు విషయములు తేటపడతాయి.

మొదటిది, రెండు సగములూ తూచినట్టు సమానముగా ఉన్నవి. ఒకే క్రియ, ఒకే కాలము, ఒకే కర్మ. మధ్యలో “హొమోయోస్ దె కాయి”, అనగా “ఆలాగుననే” అనే జోడింపు ఉన్నది. ఒక సగమును ఆజ్ఞగాను, మరొక సగమును అలంకారముగాను చదువుటకు వ్యాకరణములో చోటు లేదు.

రెండవది, ఈ అధికారము దేనిమీద? భార్య మీద అని గాని, భర్త మీద అని గాని పౌలు వ్రాయలేదు. “తన దేహము” మీద అని వ్రాశాడు. ఇది దాంపత్య సంబంధమునకు చెందిన మాట. భార్య సంపాదన, ఆమె రాకపోకలు, ఆమె పుట్టింటివారు, ఆమె ఆరాధన – వీటన్నిటి మీద భర్తకు పెత్తనము ఇచ్చే వచనముగా దీనిని సాగదీయరాదు.

మూడవది, దీనికి ముందున్న 3వ వచనములో ఆజ్ఞ ఎవరికి ఇవ్వబడినది? తెలుగులో “ధర్మములు” అని ఉన్న చోట గ్రీకులో “ఒఫెయిలే” అనే పదము ఉన్నది. అది అప్పు, చెల్లించవలసిన బాకీ. క్రియ “చెల్లించవలెను” అని ఉన్నది. బాకీదారునికి “చెల్లించు” అని ఆజ్ఞ ఉన్నది గాని, అప్పు ఇచ్చినవానికి “వసూలు చేసికో” అనే ఆజ్ఞ లేదు. పైగా ఆ వచనములో మొదటి బాకీదారుడు భర్తయే.

నాలుగవది, ఈ వచనము బలవంతమును దానంతట అదే కొట్టివేస్తున్నది. దీనిని కొంచెము నిదానముగా ఆలోచించాలి. భర్త తన భార్యను ఆమె ఇష్టమునకు విరోధముగా బలవంతము చేయాలంటే అతడు తన దేహమును తన ఇష్టము వచ్చినట్టు వాడాలి. అయితే తన దేహము మీద అతనికి అధికారము లేదనియే రెండవ సగము చెబుతున్నది. అది భార్యది. ఆమె వద్దన్నప్పుడు తన దేహమును ఆమెకు విరోధముగా ఉపయోగించుటకు అతనికి ఏ అధికారమూ మిగలదు. కాబట్టి మొదటి సగమును ఆధారము చేసికొని బలవంతము చేసేవాడు రెండవ సగమును ఉల్లంఘించకుండా ఆ పని చేయలేడు. ఈ న్యాయము భార్యకు కూడా అంతే వర్తిస్తుంది.

5. అపహరణము – సమ్మతి

5వ వచనములో దంపతులు ఒకరి నొకరు ఎడబాయుటను గూర్చి పౌలు వాడిన క్రియ “అపొస్తెరెయో”. ఇది మోసపుచ్చి దక్కకుండా చేయుట. 6:7-8లో సహోదరులు ఒకరి సొత్తు ఒకరు అపహరించుటకు వాడిన పదము ఇదే. నిర్గమ 21:10 గ్రీకు అనువాదములోను ఇదే పదము ఉన్నది. అక్కడ ఒకడు రెండవ భార్యను చేసికొన్నా మొదటి ఆమెకు ఆహారము, వస్త్రము, సంసారధర్మము తక్కువ చేయకూడదని ధర్మశాస్త్రము చెబుతున్నది. దాసిగా కొనబడిన స్త్రీకి కూడా ఆ హక్కు ఉన్నది! పరిసయ్యుడుగా పెరిగిన పౌలుకు ఇది తెలియనిది కాదు.

క్రీ.శ. 200 ప్రాంతములో సంకలనము చేయబడిన మిష్నాలో (కెతుబోత్ 5:6) ఈ ధర్మము వృత్తులను బట్టి లెక్కకట్టబడినది. పనివారికి వారమునకు రెండుసార్లు, గాడిదలు తోలేవారికి వారమునకు ఒకసారి, ఒంటెలు తోలేవారికి ముప్పది దినములకు ఒకసారి, నావికులకు ఆరు నెలలకు ఒకసారి. భర్త ఎడబాటు మ్రొక్కుబడి చేసికొంటే షమ్మయి శాఖవారు రెండు వారములు, హిల్లేలు శాఖవారు ఒక వారము గడువు ఇచ్చారు. ఇవన్నీ భార్య హక్కును కాపాడే నియమములే. అయితే మ్రొక్కుబడి చేసేది భర్త ఒక్కడే.

పౌలు ఇక్కడ ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రార్థన కొరకైనా సరే ఎడబాటు “ఎక్ సుంఫోనూ”, అనగా ఇద్దరి ఏకాభిప్రాయముతో జరగాలి, అదీ కొంత కాలమునకే. దినములు లెక్కకట్టి ఇవ్వలేదు, లెక్క దంపతులకే విడిచిపెట్టాడు. “ఇద్దరికీ సమానమైన అధికారముంటే భిన్నాభిప్రాయము వచ్చినప్పుడు ఎవరి మాట చెల్లాలి?” అని అడిగేవారికి ఈ సందర్భములో పౌలు చెప్పిన జవాబు ఇదే. ఇద్దరూ ఒక్క మాట మీదకు రావాలి.

6. “శిరస్సు” అనే మాట సంగతి ఏమిటి?

“అలాగైతే ఎఫెసీ 5:23 మాట ఏమిటి?” అనే ప్రశ్న న్యాయమైనదే. “కెఫాలే” (శిరస్సు) అనే పదము అధికారమును సూచిస్తుందా, మూలాధారమును సూచిస్తుందా అని 1954లో స్టీఫెన్ బెడేల్ వ్యాసము నుండి పండితులలో పెద్ద వాదము జరిగింది. 1985లో వేన్ గ్రూడెం 2,336 ప్రయోగములను పరిశీలించి అధికారమనే అర్థమును సమర్థించాడు. 1989లో రిచర్డ్ సెర్విన్ దానిని ఖండించాడు. ఆ వాదమును ఈ వ్యాసములో తేల్చబోవడము లేదు. ఏ పక్షమువారైనా ఒప్పుకోవలసిన సంగతులు మూడు మాత్రము చెబుతాను.

ఒకటి, ఎఫెసీ 5లో భర్తకు ఇవ్వబడిన ఆజ్ఞ “ప్రేమించుడి” అన్నదే. ఏలుమని గాని, లోబరచుకొనుమని గాని ఆజ్ఞ లేదు. రెండు, ఆదికాండము 3:16 గ్రీకు అనువాదములో భర్త భార్యను ఏలుటకు “కురియెయువో” అనే క్రియ ఉన్నది. పౌలు ఆ క్రియను భర్తలకు ఎన్నడూ వాడలేదు. పతనము వలన వచ్చిన దానిని ఆయన వివాహ నియమముగా మార్చలేదు. 1 పేతురు 3:6లో శారా అబ్రాహామును యజమానుడని పిలిచిన సంగతి ఉన్నది నిజమే. అది ఆమె చూపిన గౌరవము. తరువాతి వచనములో భర్తలు భార్యలను జీవమను కృపావరములో తమతో పాలివారని ఎంచి సన్మానించాలని, లేకపోతే వారి ప్రార్థనలకు ఆటంకము కలుగుతుందని పేతురు హెచ్చరించాడు. మూడు, క్రీస్తు సంఘమునకు శిరస్సైనది తన దేహమును సంఘము కొరకు అప్పగించుట ద్వారా. భర్త దేహము భార్యకు చెందినదని చెప్పే 1 కొరింథీ 7:4కు ఇది దూరము కాదు.

ఈ చదువు నేటి కాలపు కల్పన కాదు. నాలుగవ శతాబ్దపు యోహాను క్రిసోస్తోము భర్తకు ప్రథమ స్థానము ఉన్నదని గట్టిగా నమ్మినవాడు. అయినా ఈ 7వ అధ్యాయము మీద చేసిన ప్రసంగములో, మిగిలిన చోట్ల ఆ స్థానము ఉన్నా ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవని, ఇద్దరికీ ఒకటే హక్కు ఉన్నదని ఒప్పుకున్నాడు. ఎఫెసీ 5 మీద మాట్లాడుతూ, దాసుని భయముతో కట్టవచ్చునేమో గాని జీవిత భాగస్వామిని భయముతో, బెదిరింపుతో కట్టరాదని భర్తలను హెచ్చరించాడు.

అదే పత్రిక 9వ అధ్యాయములో “ఎక్సూసియా” పౌలు నోట ఏ విధముగా వచ్చినదో కూడా చూడాలి. తిని త్రాగుటకు, విశ్వాసురాలైన భార్యను వెంటబెట్టుకొని తిరుగుటకు, సువార్త వలన జీవించుటకు తనకు అధికారము ఉన్నదని వాదించి స్థిరపరచి, ఆ అధికారమును తాను వాడుకొనలేదని చెప్పాడు (9:12, 18). ఈ పత్రికలో అధికారమునకు పౌలు చూపించిన మాదిరి అది. ఎదుటివారి మేలు కొరకు హక్కును ప్రక్కన పెట్టగలవానికే హక్కు అప్పగించదగినది.

7. కాపరులకు కొన్ని సూచనలు

మొదట, పెండ్లికి ముందు ఇచ్చే ఆలోచనలో ఈ వచనమును ఇద్దరి యెదుట పూర్తిగా చదివించండి. రెండవ సగమును వరుని చేత చదివించండి.

రెండవది, ఉపవాస కూడికలు, నలువది దినముల ప్రార్థనలు మన సంఘములలో విస్తారముగా ఉన్నవి. భార్యయైనా భర్తయైనా ఎదుటివారిని అడగకుండా దీక్ష పట్టుట భక్తి అనిపించవచ్చు. పౌలు దానికి పెట్టిన పేరు అపహరణము.

మూడవది, కరీంనగర్, నిజామాబాదు, కోనసీమ ప్రాంతముల సంఘములలో భర్తో భార్యో గల్ఫు దేశములలో పనిచేసే కుటుంబములు ఎన్నో ఉన్నవి. మిష్నా నావికునికి ఆరు నెలలు లెక్క కట్టింది. మనవారు రెండేసి సంవత్సరములు ఎడబాసి ఉంటున్నారు. బీదరికము వారిని పంపుతున్నది గనుక వారిని నిందించరాదు. అయితే ఆ నిర్ణయము ఇద్దరూ కలిసి చేశారా, గడువు పెట్టుకున్నారా అని అడుగుట కాపరి పని.

నాలుగవది, వ్యాధి విషయము. 2000 తరువాతి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్ హెచ్.ఐ.వి. వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో ఒకటి. భర్త ద్వారానే వ్యాధి సోకిన భార్యలను మన సంఘములు చూశాయి. తన వ్యాధిని దాచి భార్యను సమీపించినవాడు ఆమెకు చెందిన దేహముతోనే ఆమెను మోసగించినవాడు. వ్యాధి భయము చేత భార్య నిరాకరించినప్పుడు ఆమెకు 7:5ను చదివి వినిపించుట అన్యాయము.

ఐదవది, హింస జరిగిన ఇంటికి భార్యను “లోబడుము” అని చెప్పి తిరిగి పంపవద్దు. 2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టము (2005) లైంగిక హింసను కూడా గృహహింసగా గుర్తించింది. ఆ చట్టపు రక్షణ కోరిన స్త్రీ వాక్యమునకు అవిధేయురాలు కాదు.

మన క్రైస్తవ వివాహ చట్టమే ఈ వచనము వెనుక ఎంత ఆలస్యముగా నడిచినదో గమనించండి. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము భార్య వ్యభిచారము ఒక్కటే భర్తకు చాలు. భార్య మాత్రము భర్త వ్యభిచారముతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టుటో, అటువంటిది మరొకటి కూడా రుజువు చేయాలి. 2001లో చేసిన సవరణతో గాని ఆ భేదము పోలేదు. క్రైస్తవుల పేర నడిచిన చట్టములో ఔగుస్తు కైసరు తూకము నూట ముప్పది సంవత్సరములకు పైగా నిలిచి ఉన్నది. ఆ కాలమంతా 7:4 మన బైబిళ్లలోనే ఉన్నది.

ముగింపు

“ఎక్సూసియాజో” అనగా అధికారము కలిగి ఉండుట. పౌలు దాని బలమును తగ్గించలేదు. అయితే దంపతులలో ఎవరికీ ఆ అధికారమును తనకు తానుగా ఉంచుకోనివ్వలేదు. ఎవరి దేహము మీద అధికారమును వారి చేతిలో నుండి తీసి ఎదుటివారి చేతిలో పెట్టాడు. ఇద్దరి దేహములనూ ప్రభువు చేతిలో పెట్టాడు. క్రైస్తవ వివాహములో అధికారమును గూర్చి బోధించదలచిన కాపరి ఆ పదము నిజముగా ఉన్న ఈ వచనము యొద్దనే మొదలుపెట్టాలి. ఎఫెసీ 5ను కూడా దీనితో కలిపి బోధించాలి. అప్పుడు బల్ల మీద కూర్చున్న భార్య తనకు విరోధముగా వినిన అదే వచనములో తనకు ఇవ్వబడిన గౌరవమును కూడా వినగలుగుతుంది. భర్త తాను మరచిన బాకీని జ్ఞాపకము చేసికొనగలుగుతాడు.